సండే స్కూల్‌కి పంపితే చాలా?

మా చిన్నప్పుడు రోజూ రాత్రి అన్నాలకి ముందు కుటుంబ ప్రార్థన ఉండేది. కరెంటు పోయినా, చుట్టాలొచ్చినా మానేది లేదు. అమ్మ పాట ఎత్తుకునేది, నాన్న వాక్యం చదివేవారు, మేం కునికిపాట్లు పడేవాళ్ళం.

మా ఇంట్లో అది ఎప్పుడు ఆగిందో నాకు బాగా గుర్తు. పెద్దాడు పదో తరగతికి వచ్చిన ఏడు. "పరీక్షలయ్యేదాకా వద్దులెండి, వాడు చదువుకోవాలి" అని మావారితో అన్నది నేనే. (సీరియల్‌కి మాత్రం సెలవివ్వలేదు లెండి.) ఆ పరీక్షలయ్యాయి. ప్రార్థన మళ్ళీ మొదలవలేదు. ఇప్పుడు వాడు ఇంటర్ రెండో ఏడు. మొన్న ఆదివారం చర్చికి రమ్మంటే, "నాకు చదువుంది, నువ్వెళ్ళమ్మా" అన్నాడు. కోపమొచ్చింది గానీ ఏమని తిట్టను? చదువు ముందు, దేవుడు తర్వాత అని నేర్పింది నేనే కదా!

పిల్లల్ని సండే స్కూల్‌కీ, వేసవిలో వీబీయస్‌కీ పంపి మన పని అయిపోయిందనుకుంటాం. అక్కడుండేది వారానికి ఓ గంట. మిగతాదంతా మన కళ్ళ ముందే. ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయం ఆ పని అప్పజెప్పింది ఇంట్లోవాళ్ళకే, టీచరమ్మకి కాదు. పౌలు కూడా తిమోతి విశ్వాసం గురించి రాస్తూ అతని అవ్వ లోయినీ, తల్లి యునీకేనీ పేరుపెట్టి తలుచుకున్నాడు. ఇద్దరూ ఇంటి ఆడవాళ్ళే.

నిన్న వాడితో "తప్పు నాదేరా" అని చెప్పాను. రాత్రి ఎనిమిదిన్నరకి పాట ఎత్తుకున్నాను. మావారూ, చిన్నదీ కూర్చున్నారు. వాడు గదిలోంచి రాలేదు. ఇవాళా పిలుస్తాను.