రాతిపై పేరు, మెడపై అప్పు

ఒకనాడు అసర్ నమాజు ముగిసిన పిదప మేము పెద్దేముల్‌లోని మస్జిదు వసారాలో కూర్చుని ఉండగా ఇద్దరు సోదరులు వచ్చి సలాము చేశారు. వారి తండ్రి కాలధర్మం చెంది మూడు మాసాలయింది. “మౌల్వీ సాబ్, అబ్బా సమాధిపై నల్ల గ్రానైటు ఫలకం నిలపదలచాము. పేరు కింద ఏ ఆయతు చెక్కించమంటారు?” అని పెద్దవాడు అడిగాడు.

ఆ తండ్రిని మేమెరుగుదుము. తాండూరు నాపరాతి గనులలో పెరిగినవాడు. ఇక్కడి రాయి పొరలు పొరలుగా పరచుకుని ఉంటుంది. ఆ రోజుల్లో పొరల సందున ఉలి నిలిపి, సుత్తితో కొట్టి, గడ్డపారతో పలకను పైకి లేపేవారు. తదుపరి పట్టాలపై నడిచే కోత యంత్రాలు వచ్చాయి. వాటి రంపపు చక్రాలు గని నేలను గళ్ళు గళ్ళుగా కోస్తాయి. ఆయన కూడా ఉలి విడిచి, నలుగురు కూలీలతో చిన్న పాలిషింగ్ యూనిటు పెట్టుకున్నాడు.

రాతిని, లోహాన్ని చెక్కే విద్య అతి ప్రాచీనమైనది. సమూద్ జాతివారు కొండలను తొలిచి ఇళ్ళు నిర్మించుకున్నారని, దావూద్ (అలైహిస్సలాం) కొరకు అల్లాహ్ ఇనుమును మెత్తపరిచాడని దివ్య ఖుర్ఆన్ తెలుపుతోంది (15:82, 34:10). రాజులకు పంపే లేఖలపై ముద్ర వేయడానికి దైవప్రవక్త (సఅసం) వెండి ఉంగరంపై మూడు వరుసలలో అక్షరాలు చెక్కించారు. మనకు ఎంతో దూరం లేని బీదరులో నేటికీ జింకు, రాగి కలిపి పోతపోసిన పాత్రలపై సన్నని ఉలితో గాడులు తీసి, వాటిలో వెండి తీగ పొదుగుతారు. పిమ్మట నవాసాగరం కలిపిన కోటమట్టితో రుద్దితే పాత్ర నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా మెరుస్తుంది. 1518 నుండి 1687 వరకు గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీల సమాధులపై నల్లరాతిలో తీర్చిన అరబీ లిపి చూస్తే ఆ పనివారి ఓర్పు తెలుస్తుంది.

ఆనాడు అటువంటి ఫలకం పాలకులకే సాధ్యం. నేడు రాతిపై రబ్బరు పొర అతికించి, అక్షరాల మేరకు కత్తిరించి, గాలి ఒత్తిడితో ఇసుక చిమ్మితే కొద్దిసేపటిలో పేరు చెక్కబడుతుంది. కంప్యూటరుతో నడిచే యంత్రాలు కూడా ఉన్నాయి. అందువల్లనే నాడు రాజులకే ఎదురైన ప్రశ్న నేడు మన గడపలోకి వచ్చింది.

మేము వారికి ఇలా చెప్పాము: ఉస్మాన్ బిన్ మజ్‌ఊన్ (రజి) సమాధి తల వద్ద దైవప్రవక్త (సఅసం) గుర్తు కోసం స్వయంగా ఒక రాయి పెట్టారు. సమాధులపై వ్రాయడాన్ని మాత్రం హదీసు వారించింది. గుర్తుపట్టడానికి అవసరమైతే పేరు వరకు కొందరు ఫిఖహా పండితులు అనుమతించారు. ఎండకు, వానకు, పశువుల కాళ్ళకు లోనయ్యే చోట ఆయతు చెక్కించడం దాని గౌరవానికి తగదు.

తరువాత, “అబ్బా ఎవరికైనా బాకీ ఉన్నారా?” అని అడిగాము. చిన్నవాడు తలవంచుకున్నాడు. యూనిటు మూతపడినప్పుడు ముగ్గురు కూలీల వేతనం నిలిచిపోయిందట. చెమట ఆరకముందే కూలి చెల్లించమన్నది ప్రవక్త ఆదేశం. విశ్వాసి ఆత్మ అతని అప్పు తీరేవరకు వేలాడుతూ ఉంటుందని కూడా హదీసులో ఉంది. “ఫలకం లేకపోతే నలుగురూ ఏమనుకుంటారు?” అన్నాడు పెద్దవాడు. “ఆ ముగ్గురూ ఏమనుకుంటున్నారో ముందు తెలుసుకోండి బాబూ” అన్నాము. అతడు నొచ్చుకుని లేచి వెళ్ళిపోయాడు.

పక్షం రోజుల తర్వాత చిన్నవాడు ఒక్కడే వచ్చాడు. ఫలకానికై కూడబెట్టిన సొమ్ముతో ఇద్దరి బాకీ తీరింది. మూడవ వ్యక్తి కర్ణాటకలోని తన ఊరికి వెళ్ళిపోయాడు. అన్న అతణ్ణి వెదుకుతూ వెళ్ళాడట. సమాధి తల వద్ద ఇప్పుడు అక్షరం లేని మోకాలెత్తు నాపరాయి ఒకటి ఉంది.

చదువరులారా! మన ఇంట మరణించినవారి పేరు చెక్కించేముందు వారి లెక్కల పుస్తకం ఒకసారి తెరిచి చూడండి. రాతిపై అక్షరాన్ని వాన అరగదీయవచ్చు. కూలివాని హక్కు మాత్రం ప్రళయదినం వరకు చెరగదు. పరుల హక్కులు తీర్చి తన సన్నిధికి చేరే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.