బూజు ఇంట్లో దులపండి, చేలో కాదు



ప్రకృతి వ్యవసాయం అంటే మనోళ్లు ఆవు గురించి, వానపాము గురించి గంటలు గంటలు చెప్తారు. సాలీడు గురించి మాత్రం ఎవరూ నోరెత్తరు. ఇది అన్యాయం అంటాను నేను. శ్రీకాళహస్తి పేరులో ‘శ్రీ’ అంటే సాలీడే. పాము, ఏనుగు కన్నా ముందు దాని పేరే పెట్టారు మన పెద్దలు. మన చేలో మాత్రం దానికి చోటు లేకుండా చేస్తున్నాం.

సాలీళ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. మాది కణేకల్. హెచ్చెల్సీ నీళ్లకు వరి, అవతల మెట్టన శనక్కాయ. చలికాలం పొద్దున్నే గట్టు మీద నిలబడితే వరి ఆకుల మధ్య మంచు పట్టిన గూళ్లు ఎన్నో కనిపించేవి. పండగొస్తే మా అవ్వ ఇల్లంతా బూజు దులిపేది. పశువుల కొట్టంలో గూళ్లు మాత్రం ముట్టుకోవద్దని నేను అడ్డం పడేవాణ్ణి. “దోమల్ని తింటుంది, ఉండనీలే” అని అవ్వ కూడా వదిలేసేది.

ఇష్టం సంగతి పక్కన పెట్టి లెక్క చూద్దాం. వరిలో గూడు కట్టని సాలీడు ఒకటుంది, తోడేలు సాలీడు. పై వీడియోలో ఉన్నది అదే. ఆడది గుడ్ల సంచిని వెనక తగిలించుకుని తిరుగుతుంది, పిల్లలైనాక వీపు మీద మోస్తుంది. సుడిదోమ చేరేది దుబ్బు మొదట్లో, ఇది వేటాడేదీ అక్కడే. ఒక్కొక్కటి రోజుకు 5 నుంచి 15 పురుగుల్ని తింటుంది.

పురుగుమందు కొడితే ఏమైతుంది? సాలీడు చస్తుంది. సుడిదోమ గుడ్లు మాత్రం ఆకు తొడుగు లోపల భద్రంగా ఉంటాయి. వారం పది రోజుల్లో పిల్లలు బయటికొచ్చేసరికి వాటిని తినేది ఉండదు. దోమ ముందుకన్నా ఎక్కువైతుంది. ఈ దెబ్బ తిన్నాకే ఇండోనేషియా ప్రభుత్వం 1986లో వరి మీద 57 రకాల మందుల్ని నిషేధించింది.

రసాయనాలు మానేశాం, మనకేం అనుకోవద్దు. నా అసలు గొడవ ఇక్కడే. కషాయమే కదా అని, పురుగు ఉందో లేదో చూడకుండా తేదీ ప్రకారం అగ్నాస్త్రం కొట్టేవాళ్లు మనలో ఉన్నారు. అందులో పొగాకు ఉంది. పొగాకులో ఉండే నికోటిన్ విషమే, మిత్రపురుగు శత్రుపురుగు అని చూడదు. డబ్బాలో మందు మారింది గానీ మన అలవాటు మారలేదు.

“దోమ మీద పడినంక సాలీళ్లను లెక్కపెట్టుకుంటా కూర్చుంటే పంట పోదా?” అంటారు. పోతుంది. దోమ విపరీతమైనంక సాలీడు ఒక్కటే ఆపలేదు. పైగా అది తేనెటీగనూ తింటుంది, అక్షింతల పురుగునూ తింటుంది. అందుకే దాన్ని దోమ వచ్చినంక వెతుక్కోవడం కాదు, నాటు వేసిన రోజు నుంచే నిలుపుకోవాలి.

దానికి పెద్ద ఖర్చేం లేదు. గట్లు నున్నగా చెక్కేయకండి, కొంచెం గడ్డి ఉండనీయండి. కోత అయినాక గట్టు మీద చిన్న చిన్న గడ్డి కట్టలు పెడితే సాలీళ్లు అందులో దాక్కుంటాయి. శనక్కాయ చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్న గానీ సజ్జ గానీ, మధ్యలో అలసంద వేయండి. మొక్కల నడుమ ఆచ్ఛాదన పరవండి. వరిలో ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల బాట వదిలితే గాలి ఆడుతుంది, దోమ తగ్గుతుంది, మీరు లోపలికి దిగి చూసుకోవచ్చు.

వారానికోసారి పొద్దున్నే చేలోకి దిగి, పదిచోట్ల దుబ్బులు పక్కకు వంచి చూడండి. దోమలెన్ని, సాలీళ్లెన్ని అని చీటీ మీద రాసుకోండి. పోయిన వారం కన్నా సాలీళ్లు పెరిగి, దోమ అట్లే ఉంటే స్ప్రేయర్ కిందికి దించండి. మీ చేలో లెక్క ఎంతొచ్చిందో కింద రాయండి, మన ప్రాంతంలో ఏ పంటకు ఎన్ని సాలీళ్లు నిలుస్తాయో అందరం కలిసి తెలుసుకుందాం.