వాలిన రెక్క వైపుకే



ఈ నెల ఒక ఆటను గూర్చి మీతో మాట్లాడదలిచాము. అయ్యగారికి ఆటలేమిటని నవ్వకండి. నలభై ఆరేళ్ల వయసులో మేము రిమోటుతో ఎగిరే చిన్న విమానమును నడపడము నేర్చుకున్నాము. నేర్చుకోవడానికి ముందు ఒకదాన్ని పగులగొట్టాము కూడా. అది మాది కాదు గనుకనే ఈ సంగతి వ్రాయవలసి వచ్చింది.

మా సంఘములో ఒక కూలి కుటుంబముంది. వారి అబ్బాయి పట్నంలో ఇంజనీరింగు చదువుతూ ఎన్.సి.సి. ఎయిర్ వింగ్‌లో చేరాడు. ఆ విభాగములో క్యాడెట్లకు నమూనా విమానాల పని కూడా నేర్పుతారు. సెలవుల్లో పిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో అతడు సొంతంగా ఒకటి తయారుచేసుకున్నాడు. ఫోమ్ షీట్లు కోసి అతికించిన విమానము. ఈ కొననుండి ఆ కొనకు రెక్క 120 సెంటీమీటర్లు.

"ఫీజుకు అప్పు తెచ్చి చదివిస్తుంటే వీడు డబ్బు గాలిలో ఎగరేస్తున్నాడు అయ్యగారూ" అని తండ్రి మాతో మొరపెట్టుకున్నాడు. సర్దిచెబుదామని వెళ్లాము. అబ్బాయి మాకే పాఠము చెప్పాడు. ఈ పని నిన్న మొన్నటిది కాదట. అమెరికాలో వాల్టర్, విలియం గుడ్ అనే కవల సోదరులు 1937లోనే రేడియోతో నడిచే నమూనా విమానమును ఎగరవేశారు. వారు దానికి పెట్టిన పేరు గఫ్. అది నేటికీ స్మిత్సోనియన్ మ్యూజియము వద్ద భద్రముగా ఉంది.

మే నెలలో ఒక ఆదివారము సాయంత్రము, గాలి నిదానించాక, మినుము తీసిన చేలోకి వెళ్లాము. అబ్బాయి అన్నీ వివరించాడు. రెక్క విమానమునకు పైభాగాన ఉండి, కొనలు కొంచెము పైకి లేచి ఉంటే, ఒక పక్కకు ఒరిగినా చేయి వదిలితే చాలావరకు తానే సర్దుకుంటుంది. కొత్తవారు యుద్ధవిమానము అందము చూసి మోసపోక ఇటువంటి దానితోనే మొదలుపెట్టాలి. ముందు రిమోటు ఆన్ చేసి, తరువాతనే విమానములో బ్యాటరీ తగిలించాలి. దిగాక ముందు బ్యాటరీ తీసి, ఆపైన రిమోటు ఆపాలి. ఈ వరుస తప్పితే ఫ్యాను ఒక్కసారిగా తిరిగి వేళ్లు కోయవచ్చు. గాలికి ఎదురుగానే లేపాలి, గాలికి ఎదురుగానే దించాలి.

"రెండు రిమోట్లు కలిపి నేర్పే పద్ధతి ఉంది అయ్యగారూ. నా రిమోటు మీద మీట పట్టుకున్నంతసేపు విమానము మీ చేతిలో ఉంటుంది. వదిలితే నా చేతికి వచ్చేస్తుంది. వచ్చే వారము స్నేహితుడి రిమోటు తెస్తాను, అప్పుడు మీరు నడుపుదురుగాని" అన్నాడు.

"ఇరవై ఏళ్లుగా మోటారు సైకిలు నడుపుతున్నాము, ఇదెంత పని నాయనా!" అని రిమోటు అందుకున్నాము.

మాకు దూరముగా వెళ్తున్నంతసేపు విమానము మా మాట విన్నది. తిప్పాము. అది మాకు ఎదురుగా రాసాగింది. చిక్కంతా అక్కడే ఉంది. విమానము ముఖము మన వైపుకు తిరిగితే దాని కుడి మనకు ఎడమవుతుంది. అది మా ఎడమకు వాలింది. కుడికి తెద్దామని స్టిక్కును కుడికి నెట్టాము. ఇంకా ఎడమకు పడింది. కంగారుపడి ఇంకా గట్టిగా నెట్టాము. చేని గట్టుకు కొట్టుకొని రెక్క రెండు ముక్కలైంది, ఫ్యాను విరిగింది, మోటారు ఊడిపోయింది.

ముక్కలు ఏరుకొని ఇంటికి వెళ్లేసరికి తండ్రి వాకిట్లోనే ఉన్నాడు. "అయిందా? డబ్బు మట్టిపాలైందా?" అన్నాడు. అబ్బాయి తల వంచుకొని, "నా చేతిలోనే పడింది నాన్నా" అన్నాడు.

మేము పక్కనే నిలబడి ఉన్నాము. నోరు విప్పలేదు. వందనాలు చెప్పి ఇంటికి వచ్చేశాము. ప్రతి వారము పదిమందికి బుద్ధి చెప్పే నోరు అది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారక ముందే వెళ్లి, పనికి బయలుదేరుతున్న ఆ తండ్రిని ఆపి, "పడగొట్టింది మేము. వద్దన్నా తీసుకున్నాము. నిన్న మీ ఎదుట చెప్పలేకపోయాము" అన్నాము. ఆయన కాసేపు మాట్లాడలేదు. "వాడు చెప్పలేదండీ" అన్నాడు చివరకు. ఆ మాటలో కోపము లేదు. ఆ సాయంత్రము విరిగిన రెక్కకు దన్నుగా వెదురు పుల్లలు చీల్చి ఇచ్చింది ఆయనే. మోటారు, ఫ్యాను ఖరీదు మేము ఇచ్చుకున్నాము.

తరువాతి వారము రెండు రిమోట్లతో మొదటినుండి నేర్చుకున్నాము. అంతకుముందు నాలుగు రాత్రులు కంప్యూటరులో, విమానము నడపడము నేర్పే ప్రోగ్రాము మీద సాధన చేశాము. అక్కడ వందసార్లు పడినా ఖర్చు లేదు. ఒక తప్పు చేసి, దాన్ని దిద్దబోయి మరొకటి చేసినా నేల తగలనంత ఎత్తులో ఉంచమన్నాడు అబ్బాయి. స్టిక్కును కొద్దికొద్దిగానే కదపమన్నాడు. ఎదురుగా వచ్చినప్పుడు కుడి ఎడమలు లెక్కపెట్టవద్దు, "ఏ రెక్క వాలుతున్నట్లు కనబడితే ఆ వైపుకే స్టిక్కు నెట్టండి, కిందనుండి ఆసరా ఇస్తున్నట్లు" అన్నాడు.

మీ ఇళ్లలో పిల్లలకు ఈ ఆసక్తి ఉంటే కొన్ని జాగ్రత్తలు గమనించండి. మనుషులు, పశువులు, కరెంటు తీగలు లేని చోటే ఎగరవేయాలి. 2021 నాటి డ్రోన్ నిబంధనలు ఈ విమానాలకు కూడా వర్తిస్తాయి. ప్రభుత్వ పటములో పచ్చరంగున్న ప్రాంతములో 400 అడుగులు మించకుండా, కంటికి కనబడేంత దూరములోనే నడపాలి. విమానాశ్రయాల చుట్టుపక్కల ఆంక్షలుంటాయి. లిథియం పాలిమర్ బ్యాటరీని ఛార్జింగులో పెట్టి నిద్రపోకూడదు. ఉబ్బినదాన్ని వాడకూడదు. నిప్పు అంటుకొనే ప్రమాదముంది.

ఆ రోజు మూడవసారి విమానము మాకు ఎదురుగా వస్తూ ఒరిగింది. చేయి కుడికి పోబోయింది. ఆపుకొని, వాలిన రెక్క వైపుకే నెట్టాము. అది నిదానముగా లేచి సమముగా నిలిచింది. అబ్బాయి మీట వదలలేదు. గట్టు మీద కూర్చున్న తండ్రి, "పైకి లేచిందిరా!" అని కేకవేశాడు.

ఇంటిలోనివారు మనకు దూరముగా ఉన్నంతసేపు వారిని నడిపించడము తేలిక అనిపిస్తుంది. ఎదురు తిరిగి మన మీదికి వస్తున్నప్పుడే మన కుడి వారికి ఎడమ అవుతుంది. అప్పుడు మన వైపుకు లాగబోతే పడిపోతారు. వాలిన పక్కను ఎత్తాలి. మేము వాలిపోయిన సాయంత్రము ఆ అబ్బాయి తన తండ్రి ఎదుట మాకు చేసింది అదే. నేర్చుకోవడానికి మాకు ఒక వారము పట్టింది.