ఒకే ఆకు, నాలుగు పొట్లాలు... కేసు మాత్రం పండించినవాడి మీద

ఎల్‌బీ నగర్ చౌరస్తా మన రైతులకు కొత్త కాదు. పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలిపోయేదాకా, నల్లగొండ బత్తాయి లోడుతో తెల్లవారుజామున ఈ చౌరస్తా దాటి గడ్డిఅన్నారం చేరినవాళ్లం మనలో ఎందరో ఉన్నాం. ఇప్పుడు అదే విజయవాడ రోడ్డు మీద కూరగాయల బండి ఆపి బస్తాలు దించమంటున్నారు. సీలేరు, చింతపల్లి వైపు నుంచి వచ్చే గంజాయి పనసకాయల కింద, కొబ్బరికాయల కింద దొరుకుతోంది మరి. తనిఖీ వద్దని మనం అనం. గంట సేపు ఎండలో పెట్టిన కొత్తిమీర కట్టకు మార్కెట్లో ఎవడు ధర ఇస్తాడన్నది వేరే సంగతి.

మనం అడగాల్సింది ఇంకొకటి ఉంది. ఈ సరుకు ఊళ్లోకి దిగాక ఎవరికి, ఏ మాట చెప్పి అమ్ముతున్నారు?

ఎల్‌బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా మెట్రోలో నాలుగు స్టేషన్లు. ఆ కాస్త దూరంలోనే పొద్దున్నే అడ్డా మీద నిలబడే కూలీలున్నారు. హాస్టల్ గదుల్లో నలుగురైదుగురు సర్దుకుని పోటీ పరీక్షలకు చదివే మన ఊరి పిల్లలున్నారు. మెట్రో ఎక్కి హైటెక్ సిటీకి పోయే ఉద్యోగులున్నారు. అపార్టుమెంట్లలో ఫోన్ మీద ఆరోగ్య చిట్కాలు చూసుకునే మధ్యతరగతి ఉంది. వ్యాపారి కంటికి వీళ్లు నాలుగు రకాల గిరాకీ. నలుగురికీ నాలుగు రకాల పొట్లాలు కట్టాడు.

కూలీకి చాక్లెట్. పై రాష్ట్రాల్లో తయారై కాగితం మీద ఆయుర్వేద మందు అని అచ్చు వేసుకుని నగరం చుట్టూ ఉన్న పారిశ్రామికవాడల్లోని కిరాణా కొట్లకు, పాన్ డబ్బాలకు చేరుతోంది. దినమంతా కాంక్రీటు మోసి ఒళ్లు హూనమైనవాడికి మందు అన్న మాటను మించిన ప్రకటన ఏముంటుంది? 2024 జనవరిలో రంగారెడ్డి జిల్లా కొత్తూరులో అవే చాక్లెట్లు బడి పిల్లల చేతుల్లోకీ వచ్చాయి. పిల్లలకు మిఠాయి, పెద్దలకు మందు. ఒక్క కాగితం రెండు పనులూ చేసింది.

విద్యార్థికి హాష్ ఆయిల్. అయిదు మిల్లీలీటర్ల సీసా, జేబులో పట్టేస్తుంది. జీతగాడికి ‘ఓజీ’ అనీ, ఫారిన్ అనీ పేరు పెట్టిన హైడ్రోపోనిక్ సరుకు. మట్టి ముట్టకుండా గదుల్లో పెంచిన ఈ గంజాయి బ్యాంకాక్ విమానాల్లో వస్తూ శంషాబాద్‌లో మాటిమాటికీ పట్టుబడుతూనే ఉంది. ఏజెన్సీ సరుకు నాటు, ఇది మేలురకం అని నమ్మించడమే ఇక్కడ ప్రచారం. దీనికి గోడ మీద పోస్టర్ అక్కర్లేదు, ఫోన్లో ఒక గ్రూపు చాలు.

ఇక నాలుగో పొట్లం చట్టబద్ధమైనది. గంజాయి మొక్క గింజలో మత్తు ఉండదు. ఆహార భద్రతా సంస్థ 2021లో హెంప్ గింజలను, వాటి నూనెను ఆహారంగా గుర్తించింది, మత్తును సూచించే మాట ప్రకటనల్లో ఉండకూడదని షరతు పెట్టింది. ఆకుతో చేసిన మందులు ‘విజయ’ అనే సంస్కృతం పేరుతో ఆయుర్వేదం లైసెన్సు మీద అమ్ముడవుతున్నాయి. నిద్ర పట్టనివారికి ఒక సీసా, కీళ్ల నొప్పులకు ఒకటి, నెలసరి నొప్పికి ఇంకొకటి, వ్యాయామం చేసే కుర్రాళ్లకు గింజల పొడి. కుక్కలకు కూడా వేరే సీసా ఉంది, నవ్వకండి. మన ఎడ్లకు పశువైద్యుడు దొరకని దేశంలో పట్నం కుక్క దిగులుకు నూనె దొరుకుతోంది.

దొంగ సరుకునూ లైసెన్సు సరుకునూ ఒకే గాటన కట్టడం మన ఉద్దేశం కాదు. కానీ అమ్మే పద్ధతి మాత్రం ఒకటే. ఎవడికి ఎక్కడ నొప్పి ఉందో వెతుకు, ఆ నొప్పి పేరు పొట్లం మీద రాయి. ఈ రాతను అదుపు చేయాల్సిన ప్రభుత్వం ఏం చేసింది? ఆయుర్వేద మందుల ప్రకటనలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేస్తూ 2018లో తెచ్చిన 170వ నిబంధనను 2024 జూలైలో తీసేస్తూ తానే నోటిఫికేషన్ ఇచ్చింది. గంజాయి అమ్మకాన్ని 2018లో చట్టబద్ధం చేసిన కెనడా కూడా పిల్లలను ఆకర్షించే ప్రకటనలను, తారలతో ప్రచారాన్ని, దాన్ని దర్జా బతుకుతో ముడిపెట్టి చూపడాన్ని అదే చట్టంలో నిషేధించింది. అమ్మకం ఒప్పుకున్న దేశమే మాట మీద కళ్లెం వేస్తే, అమ్మకం నేరమైన మన దేశంలో కళ్లెం వదులు చేస్తున్నారు!

ఇప్పుడు ఈ గొలుసు మొదటి కొసకు రండి. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో, సరిహద్దు అవతల మల్కన్‌గిరిలో ఈ మొక్క నాటిన గిరిజనుడికి పొట్లం లేదు, మంచి పేరు లేదు, ముద్దాయి అన్న పేరు ఒక్కటే ఉంది. బయటి వ్యాపారి విత్తనమూ పెట్టుబడీ ఇచ్చి పోతాడు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం సాగు చేసినవాడికి పదేళ్ల దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా. ఇరవై కిలోలు దాటి మూట మోస్తూ దొరికితే పదేళ్లకు తగ్గదు, బెయిలూ సులువుగా రాదు. అంత మూట మోసేది కూలి కోసం వచ్చిన కుర్రాడే గాని పెట్టుబడి పెట్టినవాడు కాదు.

2021 చివర ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆపరేషన్ పరివర్తన మొదలుపెట్టారు. ఏజెన్సీలో ఏడు వేల ఎకరాలకు పైగా తోటలు నరికామని ప్రకటించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు రెండు లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. సాగు తగ్గిన మాట నిజమే. నరికిన చోట వేసుకోవడానికి రాజ్‌మా ఉంది, మిరియం ఉంది, కాఫీ ఉంది, పసుపు, పిప్పలి ఉన్నాయి. వాటికి నిలకడ ధర ఏది? కొనడానికి 1956 నుంచీ గిరిజన సహకార సంస్థ ఉంది. అది ప్రతి సంతకూ వచ్చి, పంట చేతికి రాకముందే ధర ప్రకటించి కొంటే గంజాయి వ్యాపారి అడ్వాన్సుకు ఆశపడే పని ఉండదు. గంజాయి వ్యాపారి ఇంటికొచ్చి రొక్కం ఇస్తాడు. రాజ్‌మా కొనాల్సినవాడు మాత్రం రేపు రమ్మంటాడు.

ఇంతటితో ఆగితే ఇది పట్నం సంగతి, మన్యం సంగతి అనుకోవచ్చు. అయిదో గిరాకీ కూడా ఉంది, అది మనమే. హెంప్ సాగు చేస్తే ఎకరాకు లక్షలు అనే వీడియోలు మన ఫోన్లలోకి వస్తున్నాయి. మెట్ట రైతుకు నీళ్లు అక్కర్లేదని, అడవి అంచు రైతుకు పందులు ముట్టవని, చదువుకుని ఊరికొచ్చిన కుర్రాడికి స్టార్టప్ అని, ఎవరికి తగ్గ మాట వారికి. కొందరైతే ఇది మన జనుము లాంటిదే అంటున్నారు. కాదు. జనుము వేరు, గోగు వేరు, ఇది గంజాయి జాతి మొక్కే. నార కోసమో గింజ కోసమో సాగుకు ప్రభుత్వం ప్రత్యేక ఉత్తర్వుతో అనుమతించవచ్చని చట్టం 14వ సెక్షన్‌లో ఉంది. ఉత్తరాఖండ్ 2018లో మత్తు పదార్థం 0.3 శాతం దాటకూడదన్న షరతుతో అలాంటి అనుమతి ఇచ్చింది. ఆ ఉత్తర్వు మన చేతిలో లేకుండా విత్తనం వేస్తే అది నేరం. వీడియో చేసినవాడు కోర్టుకు రాడు.

సఫేద్ ముస్లీ మనకు గుర్తుంది. జట్రోఫా గుర్తుంది. ఈము పక్షుల కోసం పాతిన ఇనుప కంచెలు మా మండలంలో ఇప్పటికీ తుప్పు పట్టి కనిపిస్తాయి. పిల్లలు అమ్మినంత కాలం కొంటామన్న కంపెనీ, పక్షులు పెరిగాక ఫోను ఎత్తలేదు. నారే కావాలంటే శ్రీకాకుళం, విజయనగరం రైతుకు గోగు కొత్త పంట కాదు. ధర లేక అది తగ్గిపోయింది, జనపనార మిల్లులు మూతపడ్డాయి. దానికి మాత్రం ఒక్క వీడియో రాదు!

ఉత్తరాఖండ్ రైతుకు ఉన్న అవకాశం మనకెందుకు వద్దని మన సభ్యుల్లోనే కొందరు అడుగుతున్నారు. అడగడం తప్పు కాదు. అనుమతి వస్తే చర్చిద్దాం, కానీ కొనుగోలు బాధ్యత రాతపూర్వకంగా ముందు రావాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022లో కేంద్రం తెచ్చిన మార్గదర్శకాలను రైతుకు పంట ఆశ చూపే ప్రకటనలకూ వర్తింపజేయాలి. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో మన పిల్లలున్నారు గనుక చాక్లెట్ మీద మందు అని అచ్చు వేసినవాడి మీద, అచ్చు వేయించినవాడి మీద కేసు పెట్టాలి. కొట్టువాడిని పట్టుకుని ఫొటో దిగడంతో సరిపెట్టకూడదు.

ఈలోగా హెంప్ సాగు సమావేశం అంటూ ఫంక్షన్ హాలుకు ఎవరైనా పిలిస్తే వెళ్లండి, భోజనం చేయండి, మైకు తీసుకుని మూడు ప్రశ్నలు అడగండి. అనుమతి పత్రం కంపెనీ పేరున ఉంటుందా, రైతు పేరున ఉంటుందా? పరీక్షలో 0.3 దాటితే తగలబెట్టిన పంటకు డబ్బు ఎవరు కడతారు? ఆ రోజు పోలీసులు వస్తే, స్టేషన్‌కు మీరొస్తారా, మేం వెళ్లాలా?