కసూర్ ఇంజన్‌ది కాదు

మావాడి మోడల్ రైలు పట్టాల చివరికొచ్చేసరికి ఆగిపోయేది. "ఇంజన్ ఖరాబైంది అబ్బా, కొత్తది కొందాం" అని వాడి జిద్దు. తహకీక్ లేకుండా ఫైసలా ఏంట్రా బేటా అని మల్టీమీటర్ తీశాను. కంట్రోలర్ ఫుల్లుగా తిప్పి, డీసీలో పెట్టి చూస్తే ఆ చివర 12 వోల్టులు! నేనూ ఇంజన్ మీదే ఇల్జాం వేశాను. గలత్. మీటరు దాదాపు కరెంటే లాగదు, కాబట్టి పాడైన జాయింటు అవతల కూడా పూరా వోల్టేజీ చూపిస్తుంది. అక్కడే ఇంజన్ పెట్టి కొలిస్తే 5కి పడిపోయింది. పట్టాలు కలిపే క్లిప్పులు నల్లబడి ఉన్నాయి. ఖాళీ పట్టాల మీద తీసిన రీడింగ్ గవాహీకి పనికిరాదు, ఇది నా రాయ్. బోజా మోసేటప్పుడు కొలవాలి. పవర్ ఆపి క్లిప్పులు తుడిచి, ఆ ముక్కకు విడిగా రెండు వైర్లు సోల్డరింగ్ చేశాం. మిగిలిన ఇంజన్ పైసలు వాడి అమ్మీ అప్పుడే అడిగేసింది.