కుక్కపిల్లకీ కేటీ ఇవ్వాలి

మా జనగామలో వీధి కుక్కపిల్లని దత్తత కుదిరేదాకా ఇంట్లో ఉంచుకుంటానంటే "నీకేం పని లేదా?" అంటారు. పంపేరోజు ఏడిస్తే నవ్వుతారు కూడా. నన్నడిగితే ఏడవడంలో తప్పులేదు. పంపలేక మనమే ఉంచేసుకుంటేనే చిక్కు. మనింట్లో ఆ మూల ఖాళీ అయితేనే కదా, మహబూబాబాద్ నుంచో భూపాలపల్లి నుంచో ఇంకోటి వచ్చేది!

ప్రాజెక్టు చేతులు మారేటప్పుడు కేటీ ఇస్తాం కదా, ఇదీ అంతే. రేబిస్ టీకా కార్డు, తినే తిండి, టపాసులంటే భయం, అన్నీ చెప్పండి. పడుకునే పాత గుడ్డ కూడా ఇవ్వండి, తెలిసిన వాసనుంటే దానికి ధైర్యం.

దత్తత తీసుకున్న వీధికుక్క మళ్ళీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత తీసుకున్నవాళ్ళదేనని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి మొహమాటం లేకుండా అడగండి: "ఆన్‌సైట్ వస్తే దీన్నెవరు చూస్తారు?" జవాబు లేకపోతే ఇవ్వకండి. ఉంటే, కళ్ళు తుడుచుకుని తాడు చేతికివ్వండి.