పుల్ ఓవర్ అంటే బండి ఆపడమే కాదు

అమెరికా వెళ్లే మన పిల్లలకు జీఆర్‌ఈ కోసం బట్టీపట్టిన మాటలు వందలకొద్దీ వచ్చు. రోడ్డు మీద పనికొచ్చే ‘పుల్ ఓవర్’ను నేర్పేవారే అరుదు. డ్రైవరు తానుగా కారును పక్కకు తీసి ఆపితే ‘ఐ పుల్డ్ ఓవర్’. పోలీసు ఆపిస్తే ‘ఐ గాట్ పుల్డ్ ఓవర్’. ఈ రెండోది వినగానే, టికెట్ (జరిమానా) పడిందా అనే అడుగుతారు. మన దేశంలో ట్రాఫిక్ పోలీసు ఆపితే కాగితాలు పట్టుకుని దిగి ఆయన దగ్గరికి నడుస్తాం. అమెరికాలో అలా దిగితే ఆఫీసరు దాన్ని బెదిరింపుగా తీసుకోవచ్చు. వెనక పోలీసు లైట్లు వెలిగితే కుడిపక్కకు తీసి ఆపాలి. చేతులు స్టీరింగ్ మీద ఉంచి సీట్లోనే కూర్చోవాలి. అడిగాకే లైసెన్సు తీయాలి. అర్థం చెప్పి ఈ పద్ధతి చెప్పని ఇంగ్లిష్ కోచింగ్ సగం చదువే.